దొరికేలా దాచడం నేర్పిన మేడంగారు

మొన్న మంగళవారం పొద్దున పదింటికి, నాతో చదువుకున్న రత్న ఫోన్ చేసింది. ఎత్తగానే దాని గొంతు కంటే ముందు బస్టాండు రొద వినపడింది. "మేడంగారు పోయారే. నేను నందిగామలో బస్సెక్కుతున్నా. నువ్వు కూడా బయల్దేరు" అని పెట్టేసింది. నేను విజయవాడలో ఒక కాలేజీలో లైబ్రేరియన్ని. ఆ సమయానికి నా చేతిలో కొత్త పుస్తకాల కట్ట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, సెలవు చీటీ రాసిచ్చి, జగ్గయ్యపేట బస్సెక్కాను. కీసర దాకా ఏం ఆలోచించానో గుర్తు లేదు. మున్నేటి వంతెన దాటుతుంటే మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పటికింకా తెలియని కోపం.

జగ్గయ్యపేటలో దిగాక ఎవరి మీదో తెలిసింది. మేడంగారి సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆవిడ ఫొటో, కింద మేం చదువుకున్న కాలేజీ పేరు, దాని కింద పెద్ద అక్షరాలతో "తీరని లోటు". ఆవిణ్ణి ఉద్యోగంలోంచి బయటికి పంపిన కాలేజీయే అది. రత్న నాకంటే ముందే వచ్చి ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఉంది. "చూసావా?" అంది. ఇద్దరం వెళ్ళి మేడంగారి చెల్లెలికి చెప్పాం. ఆమె కళ్ళు తుడుచుకుని, "ఎవరు కట్టమన్నారమ్మా? తీసెయ్యండి. అక్క చూస్తే ఊరుకునేదా?" అంది. రత్న స్టూలెక్కి తాళ్ళు విప్పింది. నేను కింద స్టూలు పట్టుకున్నాను. ఆ పని అయ్యాకే లోపలికి వెళ్ళి మేడంగారి మొహం చూశాను.

మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా లేచింది. మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ సందు మలుపు తిరిగారు. ఆడవాళ్ళం గుమ్మంలోనే ఉండిపోయాం.

ఇది రాయడానికి కారణం ఆ ఫ్లెక్సీయే. పంపించేసినవాళ్ళే ఆవిడ గురించి చివరి మాట చెప్పేస్తే ఊరుకోకూడదని రాస్తున్నాను. ఆవిడ పేరు రాయను. కాలేజీలో, సందులో, బస్టాండులో కూడా ఆవిడ లైబ్రరీ మేడంగారే.

మాది నందిగామలో బీకాం కంప్యూటర్స్. రెండో ఏడాదిలో డిజిటల్ లైబ్రరీల గురించి ఒక చిన్న పేపరు ఉండేది. మార్కులు తేలిగ్గా వస్తాయని సీనియర్లు చెబితే తీసుకున్నాం. మొదటి రోజు మేడంగారు లైబ్రరీ గదిలోకి రమ్మన్నారు. పొట్టిగా, కాస్త బొద్దుగా ఉండేవారు. తెల్ల చున్నీ తల మీదుగా కప్పుకుని, చెవి వెనక పెన్సిల్ పెట్టుకునేవారు. పాఠం మొదలుపెడతారనుకుంటే, "ఫోన్లు తియ్యండమ్మా" అన్నారు. క్లాసులో ఫోన్ తియ్యమన్న టీచర్ని అప్పటిదాకా చూడలేదు.

"మీ పదో తరగతి మార్కుల మెమో ఫొటో అందరి దగ్గరా ఉంటది కదా? తీసి చూపించండి. ఒక్క నిమిషం టైము."

నిమిషం అయిపోయింది. క్లాసు మొత్తం మీద ముగ్గురికి దొరికింది. మిగతా అందరం పెళ్ళి ఫొటోలు, పండగ మెసేజీలు, ఎప్పుడో పొరపాటున తీసిన నేల ఫొటోల మధ్య వేలితో పైకీ కిందకీ తోస్తున్నాం. వెనక బెంచీలోంచి ఎవరో, "మొన్నటిదాకా ఉందండీ" అన్నారు.

"ఇప్పుడూ ఉంది నాన్నా. నీకు దొరకట్లేదు, అంతే" అన్నారు మేడంగారు. "నీ ఫోన్లో నువ్వే దాచుకున్నది నీకే దొరక్కపోతే, ఊరందరి కాయితాలూ దాచి ఊరందరికీ దొరికేటట్టు చెయ్యటం ఎంత పనో ఆలోచించు. ఆ పనే మనం ఈ ఏడు నేర్చుకునేది."

బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశారు. దాచడం. దొరకడం. చదవగలగడం. రేపు కూడా ఉండడం. ఈ నాలుగూ ఉంటే డిజిటల్ లైబ్రరీ అన్నారు. ఒక్కటి తగ్గినా అది మామూలు గోతం. కంప్యూటర్ల సంగతి ఆ రోజు ఎత్తనే లేదు.

ఆవిడ దగ్గర ముందు నేర్చుకున్నది పేర్లు పెట్టడం. వ్యవసాయ శాఖ వాళ్ళ పాత కరపత్రం ఒకటి మాతో స్కాన్ చేయించారు. నేను దానికి 'స్కాన్ ఒకటి' అని పేరు పెట్టాను. ఆవిడ చూసి, "మీ ఇంట్లో నిన్ను పిల్ల ఒకటి అంటారా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం పిలిచి ఒక చిన్న చీటీ ఇచ్చారు. ఇది ఏమిటి, ఎవరు రాశారు, ఎప్పటిది, ఏ ఊరిది, మనకు ఎవరు ఇచ్చారు, ఎవరు చూడొచ్చు అని ఆరు ప్రశ్నలున్నాయి దాని మీద. "దీన్ని మెటాడేటా అంటారు. పరీక్షలో అట్లాగే రాయి. బయట మాత్రం వివరాల చీటీ అను, అందరికీ అర్థమవుద్ది" అన్నారు. ఆ చీటీ నింపకుండా ఒక్క కాగితాన్ని కూడా కంప్యూటర్లోకి ఎక్కించనిచ్చేవారు కాదు. నింపడానికి ఒక్కోసారి రోజంతా పట్టేది. మేం విసుక్కునేవాళ్ళం. ఆవిడ మాత్రం చున్నీ కొసతో మా ఫోన్ల కెమెరా అద్దాలు తుడుస్తూ కూర్చునేవారు. "మసక ఫొటో తీసి పెట్టేదానికన్నా తియ్యకుండా ఉండటం నయం" అనేవారు.

డిజైన్ పాఠం వచ్చేసరికి మమ్మల్ని వారం రోజులు కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ఇద్దరేసి చొప్పున జట్లు కట్టించి నందిగామ బస్టాండుకి పంపారు. "వాళ్ళకేం తెలుసుకోవాలనుందో అడిగి రాసుకురండి. మీకు తెలిసింది చెప్పటానికి పోవద్దు" అని మరీ మరీ చెప్పారు. మా జట్టు నేనూ రత్నా. మిరప ఆకు ముడతకి మందేమిటని ఒకాయన అడిగాడు. రేషన్ కార్డులో పేరు మార్చుకోవడం ఎట్లాగని ఇంకొకామె. చివర్లో గేటు పక్కన గంపలో జామకాయలు పెట్టుకుని కూర్చున్న పిన్నిని అడిగాం. ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"చదువుకున్నోళ్ళకి సరే. చదవటం రాని నాకేముంటదమ్మా మీ లైబ్రరీలో?"

అది ప్రశ్న కాదు, దెప్పడం అనుకుని రత్న రాయబోయి ఆగిపోయింది. నేనే రాశాను. మర్నాడు మేడంగారు చీటీలన్నీ చదివి, దాన్ని ఒక్కదాన్నే బోర్డుకి పిన్ను పెట్టారు. "ఇక్కణ్ణుంచి మొదలెడదాం" అన్నారు.

అందుకే మా లైబ్రరీలో ప్రతి కాగితానికీ ఒక గొంతు ఉంటుంది. స్కాన్ చేసినవాళ్ళే దాన్ని పైకి చదివి రికార్డు చెయ్యాలి. ఫోన్ తెర ఎట్లా ఉండాలో ముందు డ్రాయింగ్ షీట్ల మీద ఫోనంత కొలతకి గీయించారు. ఆ షీట్లు పట్టుకుని మేడంగారితో సహా మళ్ళీ జామకాయల పిన్ని దగ్గరికి వెళ్ళాం. పిన్ని కాగితం మీద వేలు పెడితే, నిజంగా నొక్కినట్టే ఆ షీటు తీసి తర్వాతి షీటు ముందు పెట్టాలి. వినడానికి నొక్కాల్సిన చోట మేం స్పీకరు బొమ్మ గీశాం. పిన్ని దాన్ని అటూ ఇటూ చూసి, "ఇదేంది, గిన్నె మూతా?" అంది. నేను చెప్పబోయాను. మేడంగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆమె ఆగిందంటే తప్పు మనది. చెప్పబాక, రాసుకో."

అక్కడే, గంప పక్కన కూర్చుని, స్పీకరు కొట్టేసి చెవి బొమ్మ గీశాం. పిన్ని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దాని మీద వేలు పెట్టింది. తర్వాత విజయవాడలో నేను హాజరైన శిక్షణా తరగతుల్లో ఈ సంగతి పెద్ద పెద్ద మాటల్లో చెప్పారు. నాకు మాత్రం ఆ చెవి బొమ్మే గుర్తొచ్చింది.

లోపల ఏం పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. మా క్లాసులో ఒకబ్బాయి ఎక్కడో దొరికిన నవలల ఫైళ్ళు పెన్‌డ్రైవ్ నిండా తెచ్చాడు. "రాసినాయన బతికే ఉన్నాడుగా, అడిగావా?" అన్నారు మేడంగారు. లేదన్నాడు. పెన్‌డ్రైవ్ తిరిగి జేబులో పెట్టించారు. మాకు అసలైన నిధి చందర్లపాడు నుంచి వచ్చింది. అక్కడ ఒక బడిపంతులుగారు తన జీవితమంతా చుట్టుపక్కల పొలం పనుల్లో వాడే మాటలూ, కూలికెళ్ళే ఆడవాళ్ళు పాడుకునే పాటలూ నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఆయన పోయాక కొడుకు ఆ ఎనిమిది పుస్తకాలూ తెచ్చి మేడంగారి చేతిలో పెట్టాడు. రెండు స్టూళ్ళ మధ్య స్కేలు కట్టి, దానికి ఫోన్ బిగించి, కిటికీ వెలుతురులో ఒక్కో పేజీ తీశాం. ఆ పాటలు ఇంకా వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని ఊళ్ళు తిరిగాం. కీసరలో ఒక పెద్దామె గొంతెత్తి పాడి, పాడాక భయపడింది. "మా ఇంట్లోవాళ్ళు వింటే ఫర్వాలేదుగానీ ఊరంతా వినకూడదమ్మా" అంది. మేడంగారు అక్కడికక్కడే చీటీలో అట్లాగే రాయించి, ఆ పాటకు తాళం పెట్టించారు. అది ఈ రోజుకీ తియ్యలేదు.

మేం ఇట్లా నోటు పుస్తకాల్లో మునిగి ఉండగా, కాలేజీవాళ్ళు మరో డిజిటల్ లైబ్రరీ తయారుచేశారు. లైబ్రరీ పక్క గదిలో ఇరవై కొత్త కంప్యూటర్లు, గుమ్మం మీద మెరిసే బోర్డు. కాలేజీని చూడటానికి పై నుంచి బృందం వస్తోందనీ, ఆ లోపు లైబ్రరీ గది కూడా ఖాళీ చేసి పాత పుస్తకాలన్నీ తుక్కు కాయితాల కింద కాటాకి వేసెయ్యాలనీ కరస్పాండెంట్‌గారు చెప్పారు. మేడంగారు ఒప్పుకోలేదు. మూడోనాడు మధ్యాహ్నం ట్రాలీ ఆటో వచ్చి లైబ్రరీ ముందు ఆగింది.

మేడంగారు తన కుర్చీ లాక్కొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో ఇష్యూ రిజిస్టర్ పెట్టుకున్నారు. ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు మనుషులతో, "తీసుకెళ్ళండి నాన్నా, నేనేం వద్దనట్లేదు. ఏ పుస్తకం, ఎవరు తీసుకెళ్తున్నారు, ఎందుకు. రాసి సంతకం పెట్టి తీసుకెళ్ళండి. ఇది లైబ్రరీ" అన్నారు. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. కాసేపటికి కరస్పాండెంట్‌గారే వచ్చారు.

"ఏంటండీ మేడం ఇది? అన్నీ ఫోన్లో ఉండగా ఈ చెత్తంతా ఎందుకండీ?"

"అన్నీ అంటే ఏవేవండీ?"

"ఏదైనా. మీరేం అడిగితే అది."

"మిరప కల్లంలో తాలుకాయలు ఏరేటప్పుడు మనూళ్ళ ఆడవాళ్ళు పాడే పాట కావాలండి. చూపించండి."

ఆయన నిజంగానే ఫోన్ తీసి వెతికారు. మేం కిటికీ అవతల నుంచి చూస్తున్నాం. వరసగా పండుమిరప పచ్చడి వీడియోలు వచ్చాయి. మేడంగారు లేవకుండానే చెయ్యి చాచి, బల్ల మీదున్న మూడో నోటు పుస్తకం తీసి, పేజీ తిప్పి ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని చదవలేదు. "మీరు చాలా ఎక్కువ చేస్తున్నారు" అన్నారు.

"నా పని చేస్తున్నానండీ" అన్నారు మేడంగారు.

ట్రాలీ ఖాళీగా వెళ్ళిపోయింది. మేం చప్పట్లు కొట్టబోతే కళ్ళెర్రజేశారు. దగ్గరికి వెళ్తే, ట్రాలీ మళ్ళీ వస్తుందేమో చూసి రమ్మని నన్ను రెండుసార్లు గేటు దాకా పంపారు. భయపడకుండా ధైర్యం చూపించేవాళ్ళ గురించి కథలు విన్నాను. భయపడుతూనే కుర్చీలోంచి లేవని మనిషిని మాత్రం నేనప్పుడే చూశాను.

తర్వాతి వారం బృందం వచ్చింది. కరస్పాండెంట్‌గారు ఇరవై కంప్యూటర్లు చూపించి, "ఇదండీ మా డిజిటల్ లైబ్రరీ" అన్నారు. బృందంలో ఒకావిడ మేడంగారి వైపు తిరిగి, ఇందులో ఏమేం ఉన్నాయని అడిగింది. మేడంగారు ఉన్నమాట చెప్పారు. "ఇది కంప్యూటర్ల గదండీ. లైబ్రరీ ఆ పక్క గదిలో పిల్లలు తయారుచేస్తున్నారు. ఇంకా పూర్తి కాలేదు." ఆ ఒక్క మాటకు ఫలితం పరీక్షలు కాగానే వచ్చింది. ఇక మీ సేవలు అవసరం లేదని కాగితం ఇచ్చారు. సెలవుల్లో పుస్తకాలన్నీ వెనక షెడ్డులో పడేశారు. మేం పని చేసుకున్న కంప్యూటర్‌ని ఆన్‌లైన్ పరీక్షల కోసమని తుడిచేశారు. ఏడాది కష్టం, చందర్లపాడు పుస్తకాలు, గొంతులు, చీటీలు, ఆ కంప్యూటర్లో ఉన్నవన్నీ పోయాయి.

రత్న ఏడుస్తూ ఫోన్ చేస్తే మేడంగారు అడిగిన మొదటి మాట, "నీ దగ్గరున్న కాపీ బానే ఉందా?" అని. ఒక్కచోటే ఉందంటే లేనట్టే అని ఆవిడ మొదటి నెల నుంచీ చెప్పేవారు. మేం దాన్ని పరీక్షలో రాయాల్సిన పాయింటు అనుకున్నాం. ఆవిడ అనుకోలేదు. ఒక కాపీ రత్న ఇంట్లో, ఒకటి చందర్లపాడు బడి కంప్యూటర్లో, ఒకటి ఆవిడ బీరువాలో. నోటు పుస్తకాలు అప్పటికే పంతులుగారి కొడుకు ఇంటికి క్షేమంగా చేరాయి. రెండో రోజు సాయంత్రానికల్లా మొత్తం మళ్ళీ లేచి నిలబడింది, ఈసారి జగ్గయ్యపేటలో మేడంగారి ముందుగదిలో.

ఆ తర్వాత ఆ గదే మా కాలేజీ. డిగ్రీ అయిపోయినా ప్రతి శనివారం బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. మా వెనక బ్యాచీ పిల్లలూ వచ్చేవారు. ఆవిడ మధ్యలో లేచి లోపల నమాజు చేసుకుని వచ్చి, వదిలిన పేజీ దగ్గరే మళ్ళీ కూర్చునేవారు. తన గురించి ఎక్కువ చెప్పుకునే మనిషి కాదు. ఒకసారి మాత్రం వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. ఆయన లారీ డ్రైవరు. ఊళ్ళ బోర్డులు తప్ప చదవలేడట. అయినా ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్ళో పేపరు కొని కూతురికి తెచ్చేవాడట. "అర్థంకాని భాషల పేపర్లు కూడా తెచ్చేవాడు. నేను చూస్తానని కాదు, చూసే అవకాశం నాకుండాలని" అన్నారు. చిన్నప్పుడు వీధి చివర రీడింగ్ రూములో, ఆడపిల్లలు ఇక్కడ కూర్చోకూడదన్నారట. "అయితే నిలబడి చదువుకుంటానన్నా. నెలల తరబడి నిలబడే చదివా. చివరికి వాళ్ళే విసుగొచ్చి బెంచీ చూపించారు" అని నవ్వారు.

రెండేళ్ళ కిందట కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి విజయవాడ వచ్చినప్పుడల్లా నేను వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. చివరిసారి చూసింది ఆవిడ పోవడానికి ముందురోజు, సోమవారం. మంచం మీద ఉండి, ఒక చేతికి సూదులుంటే రెండో చేత్తో ఫోన్లో మా లైబ్రరీ తెరిచి పెట్టుకుని, నేను కూర్చోకముందే మొదలుపెట్టారు.

"మిరప అని కొడితే వస్తంది. మిర్చి అని కొడితే రావట్లేదు. ఎవరు చూస్తున్నారు ఇది?"

"నేనే మేడం. చూస్తాలెండి. మీరు విశ్రాంతి తీసుకోండి."

"విశ్రాంతి సంగతి నేను చూసుకుంటా. నువ్వు మిర్చి సంగతి చూడు. హైవే దాటితే సగంమంది మిర్చి అనే అంటారు. వాళ్ళు మన మాట నేర్చుకుని రావాలా? మనమే వాళ్ళ మాట నేర్చుకోవాలి."

ఇంటికెళ్తూ బస్సులోనే సరిచేశాను. దిగేలోపు ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "వచ్చింది. తెగులు, రోగం కూడా చూడు." మెచ్చుకోవడం ఆవిడకు రాదు. ఇంకొక పని చెప్పారంటే, ముందు పని బాగుందని మేం అర్థం చేసుకోవాలి. ఆవిడ నుంచి నాకు అందిన చివరి మాట అదే. తెగులూ రోగమూ కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

ఆ కాలేజీలో మా పేపరు తీసేశారు. బోర్డు మాత్రం ఇంకా మెరుస్తూనే ఉందట. మెరవనివ్వండి. నేను పనిచేసే కాలేజీలో ప్రతి ఏడూ మొదటి రోజు నేను పిల్లల చేత ఫోన్లు తీయించి, పదో తరగతి మెమో వెతకమంటాను. నిమిషం తర్వాత వాళ్ళ మొహాలు చూస్తే, ఆవిడకు ఇంతకంటే పెద్ద ఫ్లెక్సీ అక్కర్లేదనిపిస్తుంది.

ఆవిడ పోయాక వచ్చిన మొదటి శనివారం వెళ్ళాలా వద్దా అని నేనూ రత్నా తర్జనభర్జన పడ్డాం. ఇంట్లో దుఃఖంలో ఉన్నారు, వాళ్ళని ఇబ్బంది పెట్టకూడదనుకున్నాం. చివరికి చెల్లెలుగారే ఫోన్ చేసి, "ముందుగది ఊడ్చి పెట్టానమ్మా" అన్నారు. వెళ్ళాం. ఏం పని మొదలుపెట్టాలో తెలియక కూర్చున్నాం. పదకొండింటికి గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. మెడలో టేపు, చంకలో చుట్టగా చుట్టిన బ్రౌన్ కాగితాలు. ఆ వీధి చివర టైలర్ మాస్టారట.

"జాకెట్ల కటింగ్ కాయితాలమ్మా. మా నాయన కాలం నుంచీ గీసినయ్యి. శనివారం తీసుకురమ్మన్నారు మేడంగారు."

రత్న లేచి, "తాతా, మేడంగారు..." అని ఆగిపోయింది.

"తెలుసమ్మా. మట్టి నేనూ వేసొచ్చా" అన్నాడాయన. "ఇవాళ శనివారమేగా?"

చెప్పులు విడిచి లోపలికొచ్చి, మేం జరిగి చోటిచ్చేలోపే కాగితాలు నేల మీద పరిచాడు. చేతులు, మెడలు, వెన్నులు. పాతబడి అంచులు పెళుసెక్కాయి. రత్న ఒకటి జాగ్రత్తగా రెండు చేతుల్తో ఎత్తి, గీతలు కనపడతాయేమోనని కిటికీకి అడ్డంగా పట్టుకుంది. ఎన్నేళ్ళ గుండుసూదులు గుచ్చిన కన్నాలో ఆ కాగితం నిండా. ఒక్కోదాంట్లోంచి ఎండ దూరి, ఎదురుగోడ మీద చిన్న చిన్న చుక్కలుగా పడింది. పెద్దాయన గోడ దగ్గరికి నడిచి, ఒక చుక్క పక్కన వేలు పెట్టి, "ఇది భుజం" అన్నాడు.